కత్తెర బాబాయి ఒప్పందం

ఆ వీధిలో మందుల షాపాయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కరెంటు బిల్లు మీద తప్ప ఆ పేరు ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆయన కత్తెర బాబాయే. మందు అడిగితే అరలోంచి అట్ట తీస్తాడు, తేదీ చూస్తాడు, చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తీసి అట్ట అంచున గాట్లు పెడతాడు. ఒక గాటు ఉంటే పొద్దున. రెండు ఉంటే రాత్రి. మూల కత్తిరించి ఉంటే ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. చదువు రానివాళ్లు, చూపు ఆననివాళ్లు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయినవాళ్లు, కరెంటు పోయినప్పుడు అందరూ, వేలితో తడిమి మాత్ర వేసుకుంటారు. డాక్టరు చెప్పింది మెట్లు దిగేలోపు మర్చిపోతారు గానీ బాబాయి గాటు మర్చిపోరు.

ఈ గాట్ల విద్య ఆయనకి ఏ కాలేజీలోనూ అబ్బింది కాదు. అక్క కోసం పుట్టింది. అక్క ఆయన కన్నా తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది, కుట్టుమిషను తొక్కి ఫార్మసీ డిప్లమా చదివించింది. పన్నెండేళ్ల కిందట షుగరు ఆమె కళ్లు రెండూ తీసుకుపోయింది. షాపు మీదున్న రెండు గదుల్లో ఇద్దరే ఉంటారు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "షాపు కట్టేశాక మాట్లాడుకుందాం" అనేవాడు బాబాయి. షాపు కట్టేవేళకి సంబంధాలు చెప్పే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అలా అరవై దాటాయి.

చూపు పోయిన కొత్తలో ఒకరోజు ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని, "నువ్వు ఏదిస్తే అది మింగేస్తాన్రా. ఏమిటని అడగను" అంది. అన్నట్టుగానే పన్నెండేళ్లలో ఒక్కసారి అడగలేదు. గోడకి వేలాడే లైసెన్సు అద్దానికి దుమ్ము పట్టినా బాబాయి పట్టించుకునేవాడు కాదు గానీ, ఈ నమ్మకం మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాడు కాదు. మనిషికి ఆస్తి ఏముందని అడిగితే ఆయన చూపించగలిగింది అదొక్కటే.

వీధి చివర పెద్ద రోడ్డు ఎక్కగానే ఫార్మసీ కాలేజీ ఉంది. నాలుగంతస్తులు, ప్రతి అంతస్తులోనూ ఓ ల్యాబు, ప్రతి ల్యాబుకీ ఓ తాళం. అక్కడ నాలుగేళ్లు చదివి బయటకొచ్చినవాళ్లు మాత్ర తయారీ గురించి గంటసేపు చెప్పగలరు, మాత్ర మింగే మనిషిని మాత్రం చూసి ఉండరు. ఇదొక లోపమని కాలేజీకి ఎన్నడూ తోచలేదు. తనిఖీ బృందం వస్తోందని ఉత్తరం వచ్చాక తోచింది. వాళ్ల కాగితాల్లో ఒక గడి ఉందట, 'వీధి మందుల షాపులతో కలిసి రోగుల మేలుకు చేస్తున్న కృషి' అని. ఆ గడికి ఇరవై మార్కులు. గడి ఖాళీ.

మర్నాడే ప్రొఫెసరుగారు బాబాయి షాపు మెట్లెక్కారు.

"మీలాంటి అనుభవజ్ఞులు మాకు కావాలండి. మీరు నడిపేది షాపు కాదు, ఓ పాఠశాల" అన్నారు.

ముప్ఫై ఐదేళ్లుగా జనం బాబాయికి చెప్పిన మాటలు రెండే. 'చిల్లర లేదు', 'వేరే కంపెనీది లేదా'. అలాంటి మనిషిని మునగచెట్టు ఎక్కించడానికి నిచ్చెన అక్కర్లేదు. ప్రొఫెసరుగారి టీ చల్లారేలోపే సగం ఎక్కేశాడు. ఒప్పందం పదకొండు పేజీలు. మందు అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాలు కూడా వదలకుండా చదివే బాబాయి, మొదటి పేజీలో తన పేరు, చివరి పేజీలో తన సంతకం చోటు చూసుకుని, మధ్యలో తొమ్మిది పేజీలూ పెద్దమనిషి తరహాలో తిప్పేశాడు.

ముందు బోర్డు వచ్చింది. 'రోగి సంరక్షణ భాగస్వామ్య కేంద్రం' అని, కింద కాలేజీ గుర్తు, దానికింద ప్రిన్సిపాలుగారి ఫొటో. ఎంత పెద్ద బోర్డంటే, పాత 'మందులు' బోర్డు దాని వెనక్కి పోయింది. కొత్తవాళ్లు గుమ్మంలో నిలబడి "ఇక్కడ మందులేమైనా దొరుకుతాయా, లేక సలహాలేనా?" అని అడగడం మొదలుపెట్టారు. తర్వాత రోగుల్ని కూర్చోబెట్టి కౌన్సెలింగు చెయ్యడానికి ఒక కుర్చీ వచ్చింది. షాపు వెడల్పు రెండు బారలు. తాను దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు, ఆ కుర్చీ వేశాక బాబాయి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది.

ఆ తర్వాత నలుగురు విద్యార్థులు వచ్చారు, తెల్లకోట్లు వేసుకుని, చేతిలో నలభై రెండు ప్రశ్నల కాగితాలతో. ఒక్కొక్కరు నెలకి ముప్ఫైమంది రోగులకి కౌన్సెలింగు చెయ్యాలని లెక్క. ఆ వీధిలో అంతమంది రోగులు లేరు, ఉన్నవాళ్లకి అంత తీరిక లేదు. తలనొప్పి మాత్రకి వచ్చినవాళ్లు నలభై రెండు ప్రశ్నలు చూసి తలనొప్పితోనే వెళ్లిపోయేవాళ్లు. అందులో పందొమ్మిదో ప్రశ్న, 'మీరు వేసుకోవడం మర్చిపోయిన మాత్రలు ఏవేవి? గుర్తున్నంతవరకు రాయండి' అని. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

ఆదుకున్నది రిటైరైన పోస్టుమాను. మోకాళ్ల నొప్పుల మందుకని రోజూ వస్తాడు, మందు కోసం కన్నా ఫ్యాను కోసం. కుర్చీ కూడా వేశాక ఇక కదల్లేదు. నెలలో ఆయనకి పదకొండుసార్లు కౌన్సెలింగు జరిగింది. ఐదోసారికి ప్రశ్న అడక్కముందే జవాబు చెప్పేవాడు. తొమ్మిదోసారి, "పద్దెనిమిదోది వదిలేశావు నాయనా" అని విద్యార్థినే సరిదిద్దాడు. కాలేజీ రికార్డుల్లో ఆయన పదకొండుమంది రోగులు, అందరికీ మోకాళ్ల నొప్పులే.

ఒప్పందం కుదిరిన మూడో రోజున ప్రొఫెసరుగారి కంట కత్తెర పడింది.

"ఇదేంటండీ?"

"గాట్లండీ. ఒకటి పొద్దున, రెండు రాత్రి."

"అట్ట కత్తిరించేస్తే గడువు తేదీ, బ్యాచి నంబరు ఏమైపోవాలి?"

"తేదీ ఉన్నవైపు ముట్టుకోనండి. రెండోవైపే కత్తిరిస్తా."

ప్రొఫెసరుగారు కాసేపు ఆలోచించారు. జవాబు బాగానే ఉంది. కానీ జవాబు బాగున్నంత మాత్రాన ప్రశ్న వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకి లేదు.

"దీని మీద పరిశోధనా పత్రం ఏమైనా ఉందా?"

"లేదండీ. మా అక్క ఉంది."

"అక్క సరిపోదండీ" అన్నారాయన మెత్తగా. "ఒప్పందం ఆరో పేజీ చూడండి. అశాస్త్రీయ పద్ధతులు ఉండకూడదు."

గాట్ల బదులు కాలేజీ రంగు చీటీలు అచ్చువేయించి పంపింది. అట్ట మీద పచ్చ చీటీ అంటిస్తే తినకముందు, ఎర్రది అంటిస్తే తిన్నాక. అబద్ధమెందుకు, చూపున్నవాళ్లకి ఆ చీటీలు నిజంగానే బాగున్నాయి. చూపు లేనివాళ్లు అట్టలు తడిమి చూసుకుని వెనక్కి తెచ్చి, "బాబాయ్, గాట్లు పెట్టడం మర్చిపోయావు" అన్నారు. బాబాయి నెత్తిమీది బోర్డు చూపించి, "ఇప్పుడంతా శాస్త్రీయం" అన్నాడు. కత్తెర సొరుగులోకి పోయింది. అక్క మాత్రల అట్టలకి మాత్రం పైకెళ్లి, తలుపు దగ్గరగా వేసి, దొంగతనంగా గాట్లు పెట్టుకునేవాడు.

ఆ నలుగురిలో ఒకమ్మాయి ముప్ఫైమంది లెక్క పూర్తికాక, మేడ మీద ఓ రోగి ఉన్నారని తెలిసి కాగితం పట్టుకుని పైకెళ్లింది. అక్క నలభై రెండు ప్రశ్నలకీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్న తనూ ఒకటి అడిగింది.

"ఇన్ని అడిగావు గానీ, పొద్దున ఏం తిన్నావని అడగలేదేం తల్లీ?"

అమ్మాయి కాగితం తిరగేసి చూసింది. నిజమే, ఆ ప్రశ్న లేదు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పైకొచ్చి, కాగితం లేకుండా ఆ ఒక్కటీ అడిగేది. కళ్లు మూసుకుని గాట్లు తడమడం కూడా అక్క దగ్గరే నేర్చుకుంది. అక్క ఆమెకి ప్రశ్నల పిల్ల అని పేరు పెట్టింది. అక్కతో గడిపిన పొద్దులు లెక్కలోకి రావు కాబట్టి ఆ నెల మార్కుల్లో ప్రశ్నల పిల్లే ఆఖరు.

తనిఖీకి వారం ముందు ప్రొఫెసరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వచ్చిందంటే ఎవరికో ఒకరికి పని పడ్డట్టే.

"మీ అక్కగారిని ఆదర్శ రోగిగా చూపిద్దామండీ. షుగరు ఉంది, పన్నెండేళ్లుగా చూపు లేదు, అయినా ఆసుపత్రి మెట్లెక్కని మనిషి. మన చీటీ అంటించిన అట్టలోంచి మాత్ర తీసి, తనిఖీ వాళ్ల ముందు ఆవిడ వేసుకుంటే చాలు, ఇరవైకి ఇరవై."

"చూపు లేని మనిషికి రంగు చీటీ ఎందుకు సార్?" అంది ప్రశ్నల పిల్ల.

"చూసేది ఆవిడ కాదమ్మా, తనిఖీ వాళ్లు" అన్నారాయన.

అక్కడే బాబాయి 'కుదరదండీ' అని ఉంటే ఈ కథ లేదు. కానీ ప్రొఫెసరుగారు చిన్న ఎర వేశారు. తనిఖీ బాగా జరిగితే బాబాయిని కాలేజీకి గౌరవ అధ్యాపకుణ్ణి చేస్తారు, ఫొటో కాలేజీ గోడకెక్కుతుంది. డిప్లమా మనిషికి అంతకన్నా ఏం కావాలి? కుట్టుమిషను తొక్కి చదివించిన అక్కకి, 'నీ తమ్ముడు కాలేజీలో పాఠం చెప్పేవాడయ్యాడు' అని చెప్పాలనిపించింది. ఆ కోరికని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆయన చేసిన పనిని మాత్రం తప్పుపడతాను.

తనిఖీ ముందురోజు అక్క పాత అట్టలు తీసేసి, గాట్లు లేని, ఒకదానికి పచ్చ, ఒకదానికి ఎర్ర చీటీ అంటించిన కొత్త అట్టలు రెండు ఆమె బల్ల మీద పెట్టాడు.

"వీటికి గాట్లేవిరా?" అంది అక్క తడిమి చూసి.

"రేపొక్కరోజుకే అక్కా. కుడిపక్కది ప్రెషరుది, పరగడుపున వేసుకునేది. ఎడమపక్కది షుగరుది. అది తిన్నాక, వచ్చినవాళ్ల ముందు నేనిస్తా."

ఆమె సరే అంది. సాయంత్రం కాలేజీ ఫొటోగ్రాఫరు వచ్చి, రంగులు బాగా పడాలని ఆ అట్టల్ని కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీసుకున్నాడు. తీశాక బాబాయే వాటిని తెచ్చి బల్ల మీద పెట్టాడు. రేపు ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచిస్తూ పెట్టాడు. కుడిది ఎడమకి పోయింది, ఎడమది కుడికి వచ్చింది.

తెల్లారింది. బాబాయి కింద రిబ్బను కడుతుంటే, పైన అక్క కుడిపక్క అట్టలోంచి మాత్ర తీసి పరగడుపున వేసుకుంది.

తొమ్మిదింటికి వస్తామన్న తనిఖీ బృందం కోసం ఆమెను కిందికి తెచ్చి కౌన్సెలింగు కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన పళ్లెంలో రెండు బ్రెడ్డు ముక్కలు, మాత్రల అట్టలు రెండూ. వాళ్ల ముందే తిని, వాళ్ల ముందే మాత్ర వేసుకోవాలని కార్యక్రమ పత్రంలో ఉంది. పది అయింది, పదకొండు అయింది. ప్రశ్నల పిల్ల రెండుసార్లు పళ్లెం దగ్గరికెళ్లింది. రెండుసార్లూ ప్రొఫెసరుగారు "ఇదిగో, మలుపు తిరిగారట" అన్నారు. షుగరు మాత్ర ఇంకా వెయ్యలేదుగా, కాస్త ఆలస్యమైనా ఫరవాలేదులే అనుకున్నాడు బాబాయి. చేతిలో వాళ్లకివ్వాల్సిన పూలగుత్తి ఉంది.

పావు తక్కువ పన్నెండుకి ముగ్గురు దిగారు. బృందం పెద్దాయన గడియారం చూసుకుని, "తినడం అదీ వద్దండీ, మాత్ర ఒక్కటి చూపించండి, చాలు" అన్నాడు. ప్రొఫెసరుగారు బాబాయి వంక చూశారు.

తిన్నాకే వేసుకోవాల్సిన మాత్ర అది. ఆ సంగతి ఆ గదిలో అందరికన్నా బాగా తెలిసినవాడు బాబాయే. తెలిసీ, పూలగుత్తి చంకలో పెట్టుకుని, ఎర్ర చీటీ అట్టలోంచి మాత్ర తీసి అక్క అరచేతిలో పెట్టాడు. అక్క ఏమిటని అడగలేదు. చెయ్యి నోటి దాకా తీసుకెళ్లింది. ఆ చెయ్యి వణుకుతోంది.

"కాస్త బెదిరారు, పెద్దవారు కదా" అన్నారు ప్రొఫెసరుగారు నవ్వుతూ.

ప్రశ్నల పిల్ల ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. అక్క నుదురంతా చెమట, జాకెట్టు వీపున తడిసిపోయింది.

"పెద్దమ్మా, పొద్దున ఏ మాత్ర వేసుకున్నారు?"

"కుడిపక్కది తల్లీ" అంది అక్క. మాట ముద్దగా వచ్చింది.

అమ్మాయి రెండట్టలూ తిప్పి చూసింది. పచ్చ చీటీ అట్టలో మాత్రలన్నీ ఉన్నాయి. ఎర్ర చీటీ అట్టలో రెండు గుంటలు ఖాళీ. ఒకటి ఇప్పుడు బాబాయి తీసింది. రెండోది పొద్దున్నే పోయింది. అంటే ఆరుగంటల నుంచీ ఆమె కడుపులో షుగరు మాత్ర ఉంది, తిండి లేదు. అమ్మాయి అక్క అరచేతిలోంచి మాత్ర లాగేసుకుని, అతిథుల టీ కోసం తెచ్చిన పంచదార నీళ్లలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగించింది. తర్వాత బ్రెడ్డు తినిపించింది. బాబాయి ఆ గుత్తి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ముప్ఫై ఐదేళ్లలో ఎంతోమందికి చెప్పిన జాగ్రత్తల్లో సొంత అక్క విషయంలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆయనకి దొరికిన ఆకులు ఆ పూలగుత్తివే.

పావుగంటకి అక్క చెమట ఆరింది, మాట తిరిగొచ్చింది. అప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. బృందం పెద్దాయన.

"అద్భుతం. అత్యవసర పరిస్థితిని ప్రత్యక్షంగా ప్రదర్శించడం ఇంతవరకు ఏ కాలేజీలోనూ చూడలేదు. ఆవిడ ఎంత సహజంగా చేశారండీ!"

"నెల రోజుల సాధన సార్" అన్నారు ప్రొఫెసరుగారు, రెప్ప వెయ్యకుండా.

పెద్దాయన రాసుకున్నాడు, సంతకానికి కాగితం బాబాయి ముందుకి జరిపాడు. దాని కిందే ఆ నెల నివేదిక. 'మందుల విషయంలో జరిగిన పొరపాట్లు' అని ఒక గడి, దాని పక్కన 'లేవు' అని కాలేజీ ముందే అచ్చువేయించిన మాట. బాబాయి పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేశాడు.

"ఇది ప్రదర్శన కాదండీ. అట్టలు తారుమారు చేసింది నేను. ఒకటి మింగిన మనిషికి రెండోది, అదీ ఖాళీ కడుపు మీద, ఇవ్వబోయింది నేను. ఈ పిల్ల పట్టుకోకపోతే మా అక్క ఉండేది కాదు. రాసుకోండి."

"బాబాయిగారూ, మీరు అలిసిపోయారు" అంటూ ప్రొఫెసరుగారు ఆయన కాలు తొక్కారు.

"కాలు తీయండి సార్, నొప్పిగా ఉంది" అన్నాడు బాబాయి, 'ఒకటి' అని రాసి సంతకం పెట్టాడు.

కాలేజీ మునిగిపోయిందనుకున్నారు అందరూ. నెల తిరగకుండా ఫలితం వచ్చింది. 'పొరపాట్లను దాచకుండా నమోదు చేసే వ్యవస్థ' అని మెచ్చుకుని ఇరవైకి ఇరవై వేశారు. వెంటనే ప్రొఫెసరుగారు ఈలోగా భాగస్వామ్యంలో చేర్చుకున్న తొమ్మిది షాపులకీ ఉత్తరం పంపారు, ఇకనుంచి ప్రతి షాపూ నెలకి కనీసం ఒక పొరపాటు తప్పనిసరిగా చూపించాలని. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. పక్కవీధి షాపాయన బాబాయికి ఫోను చేసి, "నాకు పొరపాటు చెయ్యడం అలవాటు లేదు, ఎలా రాయాలో కాస్త చెప్పు బాబాయ్" అని బతిమాలాడు. బాబాయి ఫోను పెట్టేశాడు. గౌరవ అధ్యాపకుడిగా ఆయన ఫొటో కాలేజీ గోడకెక్కిందని పోస్టుమాను చూసొచ్చి చెప్పాడు. బాబాయి చూడ్డానికి వెళ్లలేదు.

అక్క ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బాబాయికి చాలాసార్లు అనిపించింది. తనిఖీ జరిగిన మధ్యాహ్నమే ఆమె అట్టలన్నిటికీ గాట్లు పెట్టేశాడు. కిందకొచ్చే వాళ్లకీ పెడుతున్నాడు, చీటీ పక్కనే. అక్క మునుపటిలాగే తడిమి చూసుకుంటుంది, మునుపటిలాగే తమ్ముడితో వీధి కబుర్లు చెబుతుంది.

మొన్న పొద్దున ఆమె ప్రెషరు మాత్ర తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. బాబాయి నీళ్లు ఇవ్వబోయాడు.

"ప్రశ్నల పిల్ల వచ్చిందా?" అంది.

"కాలేజీకి సెలవక్కా. ఇవాళ రాదేమో. ఏం కావాలి?"

"ఏం లేదు. వచ్చాక వేసుకుంటాలే."

"అది ప్రెషరుదే అక్కా. ఒక్కటే గాటు ఉంది, నేను చూశాను."

"నువ్వు చెబితే కాదన్నానా" అంది అక్క మెల్లగా, గుప్పిట మూసేసుకుని.

బాబాయి నీళ్ల గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి, ఆ పిల్ల వస్తుందేమోనని వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు.